కారు నావిగేషన్‌కు ఏ పరికరం తీసుకోవాలి, యాంటెన్నా ఎక్కడ బిగించాలి?

నమస్కారం. మేము అత్తాపూర్‌లో ఉంటాము. మా పాత కారులో తెర లేనందున ఇన్నాళ్లూ ఫోన్‌నే డ్యాష్‌బోర్డు మీద నిలబెట్టి దారి చూసుకుంటున్నాను. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు సాగే పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే దగ్గరే అసలు చిక్కు. నేను కింద స్తంభాల పక్కన నెమ్మదిగా వెళ్తున్నా తెరపై నీలి బాణం వంతెన మీదే పరుగెడుతుంది, తిరగవలసిన మలుపు దాటిపోయాక గానీ తేరుకోదు. ఎండాకాలంలో ఫోన్ వేడెక్కి తెర మసకబారడం వేరే సంగతి.

అందువల్ల ఫోన్‌లోని మ్యాప్‌ను కారు తెరపై చూపే ఆండ్రాయిడ్ ఆటో ఉన్న స్టీరియో బిగించుకోవాలనుకుంటున్నాను. దాని జీపీఎస్ యాంటెన్నాను డ్యాష్‌బోర్డు లోపల పెడితే చాలునని రాణిగంజ్‌లో ఒక దుకాణదారు అన్నారు గానీ, పైన లోహపు పట్టీ ఉంటే ఉపగ్రహ సంకేతం బలహీనపడుతుంది కదా అని నా అనుమానం. పైగా ఆండ్రాయిడ్ ఆటోలో మ్యాప్ నడిపేది ఫోనే కాబట్టి, ఆ యాంటెన్నా చూపే స్థానాన్ని ఫోన్ నిజంగా వాడుకుంటుందా?

కాంక్రీటుకు తగిలి తిరిగివచ్చే సంకేతాల గందరగోళాన్ని ఎల్1, ఎల్5 అనే రెండు ఉపగ్రహ పౌనఃపున్యాలనూ అందుకునే రిసీవర్ బాగా తట్టుకుంటుందని తెలుసు. మన దేశపు ఉపగ్రహ నావిగేషన్ వ్యవస్థ నావిక్ కూడా ఎల్5లో సంకేతాలు పంపుతుంది. అలాంటి రిసీవర్ ఉన్న స్టీరియో వాడుతున్నవారు, వంతెన కింద అది ఎలా పనిచేస్తోందో దయచేసి చెప్పగలరు. శ్రీశైలం దారిలో నల్లమలలో నెట్ అందదు కనుక, ముందే దించుకున్న మ్యాప్‌తో తెలుగులో దారి చెప్పే యాప్ ఏదో కూడా సూచించగలరు.