పేగు జబ్బుకీ ఈ దగ్గుకీ సంబంధం ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి

మాది రాయగడ. మా అక్కకి 44 ఏళ్లు, ఆరేళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపల వాచి పుండ్లు పడే జబ్బు). మెసలమైన్ బిళ్లలతో ఏడాదిగా కడుపు బాగానే ఉంది, రక్తం పడటం లేదు. కానీ నాలుగు నెలల నుంచి ఒకటే దగ్గు. పొద్దున్నే పెరట్లో కూర్చుని అరగంట దగ్గితేగానీ కఫం తెగదు, అదీ పచ్చగా, చిక్కగా. పక్కింటివాళ్లు కొండగాలి అంటారు. ఆమె పుట్టి పెరిగింది ఈ గాలిలోనే కదా!

టీబీ పరీక్షల్లో ఏమీ లేదని వచ్చింది. ఇక్కడి డాక్టరు మూడుసార్లు యాంటీబయాటిక్స్ మార్చారు. పేగు జబ్బు సంగతి చెబితే "దానికీ దీనికీ ఏం సంబంధమమ్మా" అన్నారు. నేను చదివినదాన్ని బట్టి ఉంది. కొందరిలో ఈ జబ్బు శ్వాసనాళాలకూ వాపు తెచ్చి బ్రాంకియెక్టాసిస్ (శ్వాసనాళాలు దెబ్బతిని వెడల్పై కఫం పేరుకుపోవడం) దాకా తీసుకెళ్తుందట, పేగు నెమ్మదించినా, ఆపరేషన్‌తో తీసేసినా కూడా. అరుదుగా మెసలమైన్ వల్లే ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చట. ఆ మాట విని అక్క బిళ్లలు మానేస్తానంది, డాక్టరును అడగకుండా వద్దన్నాను.

వచ్చే వారం రైలెక్కి విశాఖ తీసుకెళ్తున్నాను. ముందు ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించాలా, గ్యాస్ట్రో డాక్టరుకా? పీల్చే స్టెరాయిడ్‌తో ఇలాంటి దగ్గు తగ్గినవాళ్లుంటే ఎన్నాళ్లు పట్టిందో చెప్పండి, టెన్షన్‌గా ఉంది.