మోషేకు ‘చాలు’ అని జవాబు వచ్చింది. యూదుల బోధలో పట్టువిడువని ప్రార్థనకు హద్దు ఉన్నదా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా సంఘంలో జరిగే ఆదివారపు బైబిలు తరగతిలో ఈసారి ద్వితీయోపదేశకాండము 3వ అధ్యాయం చెప్పే వంతు నాకు వచ్చింది. యొర్దాను దాటి ఆ మంచి దేశాన్ని చూడనిమ్మని మోషే బతిమాలుకొనడం, ఇక ఈ సంగతి నా దగ్గర ఎత్తవద్దని దేవుడు కాదనడం అందులో ఉన్నాయి. విసుగక ప్రార్థించాలని చిన్ననాటి నుండి వింటూ పెరిగిన నాకు ఈ ఘట్టం దగ్గర మాట ముందుకు సాగడం లేదు. అంతటి మోషేనే ఆపివేసినప్పుడు మళ్ళీ మళ్ళీ అడగమని ఎవరికైనా ఏ ధైర్యంతో చెప్పగలం? ఈ గ్రంథాన్ని తరతరాలుగా మూలభాషలో చదువుకుంటున్న యూదులు ఈ విషయాన్ని ఎలా అర్థం చేసుకున్నారో తెలిసినవారు దయచేసి వివరించండి. మూడేళ్లుగా నేను కూడా ఒకే విన్నపాన్ని పట్టుకొని ఉన్నాను కనుక, ఇది నాకు పాఠం కోసం మాత్రమే అడుగుతున్న ప్రశ్న కాదు.

మొదటి సమాధానం

మీరు ఆగిపోయిన చోటనే యూదుల పండితులు కూడా చాలాసేపు ఆగారండి. ‘నేను బతిమాలుకొంటిని’ అనే అర్థంలో అక్కడున్న హీబ్రూ మాట ‘వఎత్‌హన్నన్’. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఈ మాటలోని అక్షరాల విలువలను కూడితే 515 వస్తుంది. అందుచేత మోషే ఈ ఒక్క కోరిక కోసం 515 సార్లు ప్రార్థించాడని ద్వితీయోపదేశకాండంపై ఉన్న మిద్రాష్ అనే ప్రాచీన యూదుల వ్యాఖ్యానం చెబుతుంది. అంటే మీకు తిరస్కారంగా కనబడిన వాక్యం, వారి దృష్టిలో, 515 సార్లు అడిగిన తరువాత వచ్చినది.

అయితే అంతకన్నా ముఖ్యమైన సంగతి యూదుల పెద్దల బోధల సంకలనమైన తాల్ముద్‌లోని బెరఖోత్ భాగంలో, 32వ పత్రంలో ఉంది. సత్క్రియలకన్న ప్రార్థన గొప్పదని అక్కడ రబ్బీ ఎలాజార్ అంటారు. సత్క్రియలలో మోషేను మించినవారు లేకపోయినా, ఆయనకు జవాబు దొరికింది ప్రార్థన వల్లనే అన్నది ఆయన వాదం. దానికి ఆధారంగా ఆయన చూపించేది మీరు చెప్పిన వచనాన్నే! ‘ఇక మాట్లాడవద్దు’ అన్న మాట వెంటనే ‘పిస్గా కొండ శిఖరమెక్కి నాలుగు దిక్కులా చూడు’ అన్న మాట వస్తుంది. ‘దాటి చూడనిమ్ము’ అని మోషే అడిగిన దానిలో దాటడం దక్కలేదు, చూడడం దక్కింది. నా మట్టుకు నేను ఈ వ్యాఖ్యానాన్ని ఓదార్పు కోసం అల్లినదిగా భావించను, ఎందుకంటే అది పక్కపక్కన ఉన్న రెండు వచనాలను విడదీయకుండా చదివితే కనబడేదే.

అదే పత్రంలో, ప్రార్థించినా జవాబు రాలేదని గమనించినవాడు తిరిగి ప్రార్థించాలని రబ్బీ హామా బార్ హనీనా బోధించారు. ఆయన చూపించిన ఆధారం 27వ కీర్తన చివరి వచనం. ‘యెహోవా కొరకు కనిపెట్టుకొనుము’ అనే మాట ఆ ఒక్క వచనంలోనే రెండు సార్లు వస్తుంది. మొదటిసారి కనిపెట్టుకొన్నాక ఏమీ జరగకపోతే రెండవసారి కనిపెట్టుకొనమని దాని భావమట.

రెండవ సమాధానం

నేను నిజామాబాద్ వైపు నుండి వచ్చి ఇజ్రాయెల్‌లో ఒక వృద్ధుని ఇంట్లో కేర్‌గివర్‌గా పనిచేస్తున్నాను. పండితుణ్ణి కాను గాని, చూసినది చెప్పగలను. ఆయన రోజుకు మూడు పూటలా అమీదా అనే ప్రార్థన నిలబడి చేస్తారు. కాళ్లు సహకరించని రోజున కూర్చొని చేస్తారు. అందులో ఎనిమిదవ ఆశీర్వచనం రోగుల స్వస్థత కోసం. ఆయన కుమారుడు ఎన్నో ఏళ్లుగా జబ్బుతో ఉన్నాడు. అక్కడికి రాగానే గొంతు తగ్గించి కుమారుని పేరు చెబుతారు, దానితో పాటు తల్లి పేరు కూడా చేరుస్తారు, ఎందుకంటే రోగి కోసం ప్రార్థించేటప్పుడు ‘ఫలానా తల్లి బిడ్డ’ అని చెప్పడం వారి ఆచారం.

నన్ను ఆశ్చర్యపరచిన విషయం మరొకటి ఉంది. శుక్రవారం సూర్యాస్తమయం తరువాత ఆయన నోట ఆ విన్నపం వినబడదు. విశ్రాంతి దినాన అమీదాలోని విన్నపాలన్నీ తీసివేసి ఏడు ఆశీర్వచనాలే చదువుతారు, శనివారం రాత్రి చీకటి పడ్డాక మళ్ళీ మొదలుపెడతారు. వారానికి పద్దెనిమిది సార్లు అడిగే మనిషి ఆ ఒక్క రోజు అడగకుండా ఎలా ఉండగలరని ఒకసారి అడిగాను. ఆ రోజున రోగిని పరామర్శించేటప్పుడు కూడా ‘ఇది సబ్బాతు, మొరపెట్టకూడదు, స్వస్థత దగ్గరలోనే ఉంది’ అని చెప్పమని పెద్దలు నేర్పారని ఆయన అన్నారు. పైన రాసిన 27వ కీర్తనను యూదుల పంచాంగంలోని ఎలూల్ నెల మొదలు శరదృతువు పండుగలు ముగిసేదాకా రోజూ చదవడం కూడా ఆ ఇంట్లో చూశాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అడగకుండా ఉండే రోజు గురించి చదివాక కొంతసేపు మరేమీ రాయలేకపోయాను. అయితే నా అసలు కష్టం చెబుతాను. ప్రార్థించిన ప్రతిసారీ ఈసారైనా ఫలించిందా అని చూసుకుంటాను, లేకపోయేసరికి కుంగిపోతాను. ఇది అవిశ్వాసమా?

మూడవ సమాధానం

మీ స్థితికి వారు ఒక పేరే పెట్టారండి. బెరఖోత్‌లో ఆ పత్రంలోనే, దీర్ఘంగా ప్రార్థించి దానిని ‘పరిశీలించేవాడు’ చివరకు గుండెనొప్పి తెచ్చుకుంటాడని రబ్బీ యోహానాన్ పేరుతో ఒక మాట ఉంది. ఇంతసేపు ప్రార్థించాను కనుక ఇది నెరవేరి తీరాలి అని తన ప్రార్థనను తానే తూకం వేసుకోవడాన్ని ఇక్కడ పరిశీలన అన్నారు. అదే హీబ్రూ మాటను మరొక చోట, మనసు నిలిపి ప్రార్థించడం అనే అర్థంలో, గొప్ప పుణ్యంగా చెప్పారు. కాబట్టి వారు మిమ్మల్ని మానమన్నది అడగడాన్ని కాదు, లెక్క చూసుకోవడాన్ని.

హద్దు గురించి కూడా అడిగారు. జరిగిపోయిన దాని కోసం మొరపెట్టడం వ్యర్థ ప్రార్థన అని తాల్ముద్‌కు మూలమైన మిష్నా స్పష్టంగా చెబుతుంది. ఊరిలోకి వస్తూ ఏడుపు విన్నవాడు ‘అది మా ఇంట్లో కాకూడదు’ అని ప్రార్థించడాన్ని దానికి ఉదాహరణగా ఇస్తుంది. జరగవలసి ఉన్న దాని విషయంలో మాత్రం వారు చాలా దూరం వెళ్లారు. నీవు మరణిస్తావని యెషయా ప్రవక్త వచ్చి చెప్పినప్పుడు, పదునైన కత్తి మెడ మీద ఉన్నా కనికరం కోరడం మానకూడదని మా పితరుల ఇంటి నుండి నాకు అందిన బోధ అని హిజ్కియా రాజు బదులు చెప్పినట్లు తాల్ముద్ వర్ణిస్తుంది. ఆయనకు 15 ఏళ్ల ఆయుష్షు పెరిగిన సంగతి మీకు తెలిసినదే.

పట్టువిడువకపోవడం అంటే ఎక్కువసేపు ప్రార్థించడం కాదని కూడా గుర్తుంచుకోండి. అక్క మిర్యాము కోసం మోషే చేసిన ప్రార్థన హీబ్రూలో అయిదే మాటలు.

ప్రశ్న అడిగినవారు

మీ మాటలు రెండుసార్లు చదివాను. ఆదివారం తరగతిలో ‘ఇక మాట్లాడవద్దు’ అనే 26వ వచనం దగ్గర ఆపకుండా, అదే ఊపిరిలో 27వ వచనం కూడా చదివిస్తాను.