అప్‌డేట్: పార్శ్వపు తలనొప్పికి రోజూ మాత్ర మొదలుపెట్టాక

మిర్చి సీజన్‌లో తలనొప్పితో పని ఆగిపోతోంది, రోజూ వేసుకునే నివారణ మందు మొదలుపెట్టాలా అని అడిగాను కదండీ. మొదలుపెట్టాను.

గుంటూరు యార్డులో కమీషన్ కొట్టు లెక్కలు రాసేది నేనే. ఆ సంగతి వినగానే డాక్టరుగారు టోపిరమేట్ అనే నివారణ మందు వద్దన్నారు. దానితో కొందరికి మాటలు తట్టవట, ఆలోచన మందగిస్తుందట. ప్రొప్రానొలాల్ అనే మరో నివారణ మాత్ర రాశారు, అది ఆస్తమా ఉన్నవాళ్లకు పడదు కాబట్టి నాకు ఆస్తమా లేదని తేల్చుకున్నాకే. మన పనేంటో అడిగి మందు రాసే డాక్టరు దొరకడం నిజంగా అదృష్టం.

మొదటి వారాల్లో తేడా ఏమీ లేదు. రెండు నెలలైనా చూడకుండా మానొద్దని ముందే చెప్పారు కాబట్టి ఆగాను. ఇప్పుడు నొప్పి అరుదుగా వస్తోంది. వచ్చినా కాసేపు పడుకుని లేచి లెక్కల పట్టీలు రాయగలుగుతున్నా. మెట్లెక్కితే మాత్రం త్వరగా అలసట వస్తోంది.

మిడాస్ అనే ప్రశ్నాపత్రం కూడా నింపించారు. తలనొప్పి వల్ల గత 3 నెలల్లో ఉద్యోగం, ఇంటిపని, శుభకార్యాలు ఎన్ని రోజులు పోయాయో అడుగుతుంది. మొత్తం 21 రోజులు, ఆపైన వస్తే ఇబ్బంది తీవ్రమని అర్థం. సగం పని కూడా సాగని రోజులూ అందులో లెక్కే. సెలవు పెట్టకుండా కుర్చీలో కూర్చుని నలిగిన ఆ రోజుల్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు నన్ను.

నా ప్రశ్నకు జవాబుగా పారాసిటమాల్‌తో నెట్టుకురమ్మన్న అన్నగారూ, నెలకు 15 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ, అలా నెలల తరబడి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తేవచ్చు. దయచేసి మీరూ ఒకసారి చూపించుకోండి.