ఫ్రాన్స్‌లో హిజాబ్ మీద వామపక్షం ఎందుకు చీలింది? తెలిసినవాళ్లు చెప్పండి

ఫ్రాన్స్ రాజకీయాలు దగ్గరగా చూసేవాళ్లు ఉంటే కాస్త సాయం చేయండి. 1905లో చర్చిని, ప్రభుత్వాన్ని విడదీసిన చట్టం కాథలిక్ పెత్తనం తగ్గించడానికి వచ్చిందనీ, దాని వెనక వామపక్షం గట్టిగా నిలబడిందనీ అర్థమైంది. అదే సూత్రం చెప్పి 2004లో ప్రభుత్వ బడుల్లో హిజాబ్‌తో పాటు కొట్టొచ్చినట్టు కనిపించే మత చిహ్నాలన్నీ ఆపేశారు, సిక్కు పిల్లల తలపాగాలు కూడా. 2023లో అబాయా (ఒంటిని కప్పే పొడవాటి వదులు గౌను) వంతు వచ్చింది. అప్పుడు కమ్యూనిస్టు నాయకుడు రూసెల్ సమర్థిస్తే మరో వామపక్ష నాయకుడు మెలాన్షాన్ పార్టీ వ్యతిరేకించింది. ఇంత తేడా ఎందుకు? అల్జీరియాలో ఫ్రాన్స్ వలస పాలన నాటి గాయాలా, శివార్లలోని ముస్లిం ఓట్లా?

ఆడపిల్లల బట్టలు బడి తేల్చడం నాకైతే నచ్చలేదు, కానీ ఇంట్లో బలవంతం ఉన్న పిల్లల సంగతేంటన్న ప్రశ్న కూడా వదలడం లేదు. అక్కడుంటున్న తెలుగువాళ్లు మీ పిల్లల బళ్లలో చూసింది చెప్పినా చాలు.