మూడో రికమెండేషన్ లెటర్ ఆగిపోయింది, గడువు 9 రోజులే: రికమెండర్‌ని మార్చాలా?

మాస్టర్స్ అప్లికేషన్‌కి మూడు లెటర్లు అడిగారు. ప్రొఫెసర్లవి రెండూ చేరాయి. మూడోది రాస్తానన్న మేనేజర్‌గారు కంపెనీ మారారు. లెటర్ అప్‌లోడ్ చేయాల్సిన పోర్టల్ (యూనివర్సిటీ అప్లికేషన్ సైట్) లింక్ ఆయన పాత ఆఫీస్ మెయిల్‌కి వెళ్లింది, ఆ మెయిల్ ఇప్పుడు మూసేశారు. స్టేటస్‌లో మాత్రం ‘ఆహ్వానం పంపాం’ అనే ఉంది. అసలు చిక్కు ఇక్కడే: పంపడం వేరు, అందడం వేరు.

అప్లికేషన్ సబ్మిట్ అయిపోయింది. లెటర్ రాని రికమెండర్‌ని తీసేసి కొత్తవారిని చేర్చే వీలు చాలా పోర్టల్స్‌లో ఉంటుంది. ఇందులో ఆ బటన్ కనిపించడం లేదు. అడ్మిషన్స్ ఆఫీస్‌కి అప్లికేషన్ నంబర్‌తో మెయిల్ పెడితే మారుస్తారా?

ఆయన సొంత జీమెయిల్ ఇస్తే కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవట్లేదు. కొత్త కంపెనీ మెయిల్ ఇచ్చి, ‘అప్పట్లో మేనేజర్’ అని లెటర్‌లోనే రాయించడం మేలా? లేక రెండేళ్లు నా పని చూసిన టీమ్ లీడ్‌ని అడగాలా? హోదా చిన్నదైనా, కోడ్ రివ్యూలన్నీ చేసింది ఆవిడే. పెద్ద హోదావారి పొడి లెటర్ కన్నా అదే బలమని నా నమ్మకం.

ఆవిడకి ఇవ్వడానికి రెజ్యూమె, ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకో చెప్పే వ్యాసం), ప్రాజెక్టు ఫలితాలు నాలుగు లైన్లలో సిద్ధంగా ఉన్నాయి. అసలు గడువుకి రెండు రోజుల ముందు తేదీనే ఆవిడకి గడువుగా చెప్పాలనుకుంటున్నాను. ఇంకేం జతచేయాలి? ఉద్యోగానికి నోటీసు ఇంకా ఇవ్వలేదు. అడ్మిషన్ రాకముందే ఆఫీసులో విషయం తెలియకుండా ఆవిడని ఎలా అడగాలో కూడా చెప్పండి.