ఫిక్స్‌డ్ మెనూ మీద అడ్మిన్ బార్: బార్ తీసేద్దామా, మెనూ జరుపుదామా?

ద్వారకానగర్_డిజైనర్:
డాబాగార్డెన్స్‌లో ఒక బట్టల షాపుకి వర్డ్‌ప్రెస్ సైటు చేశాను. మెనూ పైన ఫిక్స్‌డ్, అంటే స్క్రోల్ చేసినా కదలదు. ఓనర్ లాగిన్ అయితే నల్ల అడ్మిన్ బార్ (లాగిన్ అయినవాళ్లకి వర్డ్‌ప్రెస్ పైన చూపే పట్టీ) మెనూ మీదకొచ్చి కూర్చుంటోంది, లోగో సగమే కనబడుతోంది. 'సైటు పాడైపోయింది' అని పొద్దున్నుంచీ ఫోన్లు. బార్ చూపాలా వద్దా అని తేల్చే షో అడ్మిన్ బార్ ఫిల్టర్‌కి కోడ్‌లో ఫాల్స్ ఇచ్చి బార్‌నే లేపేద్దామనుకుంటున్నా. ఏమంటారు?

గాజువాక_కోడర్:
లేపేయకు గురూ. రేపు ఆషాఢం ఆఫర్ల పేజీ మార్చాలంటే ఆయనకి ఎడిట్ బటన్ దొరికేది అక్కడే. బార్ ఉంటే వర్డ్‌ప్రెస్ పేజీని 32 పిక్సెల్స్ కిందికి దించుతుంది, కానీ అది హెచ్‌టీఎంఎల్‌కి, అంటే మొత్తం పేజీకి, పైన ఇచ్చే ఖాళీ (మార్జిన్). నీ మెనూకి టాప్ సున్నా అని ఉంటే దానికి ఆ మార్జిన్‌తో పనిలేదు, స్క్రీన్ పై అంచుకే అతుక్కుంటుంది. బాడీకి అడ్మిన్-బార్ క్లాస్ ఉన్నప్పుడు, అంటే బార్ కనబడుతున్నప్పుడు మాత్రం టాప్ 32 ఇవ్వు. స్క్రీన్ వెడల్పు 782 పిక్సెల్స్, అంతకన్నా తక్కువైతే 46.

సీతమ్మధార_ఫ్రీలాన్సర్:
ఇంత తంటా ఎందుకు? బార్ జెడ్-ఇండెక్స్ (ఏది మీద కనబడాలో చెప్పే నంబరు) 99999. మెనూకి లక్ష ఇస్తే సరి.

గాజువాక_కోడర్:
అప్పుడు బార్ మెనూ చాటున పడుతుంది. ఓనర్ లాగౌట్ ఎలా అవుతాడు?

సీతమ్మధార_ఫ్రీలాన్సర్:
డ్యాష్‌బోర్డ్‌కి వెళ్లి అవుతాడు! కొనేవాళ్లు చూడని బార్ కోసం సీఎస్‌ఎస్ (పేజీ రూపం చెప్పే కోడ్) నింపడం నాకు నచ్చదు.

ద్వారకానగర్_డిజైనర్:
46 పెట్టి చూశా. ఫోన్లో స్క్రోల్ చేస్తే బార్ పైకి పోతోంది, మెనూ మాత్రం కిందే వేలాడుతోంది. ఆ సందులోంచి చీరల ఫొటోలు జారుతున్నాయి.

ఎంవీపీ_థీమ్స్:
వెడల్పు 600, అంతకన్నా తక్కువలో బార్ ఫిక్స్‌డ్ కాదు, ఆబ్సల్యూట్. పేజీతోపాటే పోతుంది. అందుకే 46 అక్కడ కుదరదు, సున్నా ఇస్తే మొదట్లో మెనూ మళ్లీ బార్ చాటునే. ఆ సైజులో మెనూని స్టికీ చేసి టాప్ సున్నా ఇవ్వండి. మొదట బార్ కింది అంచు దగ్గర ఆగుతుంది, బార్ పోయాక పైకెళ్లి అంటుకుంటుంది. బార్ వద్దనుకునే ఓనర్ తన ప్రొఫైల్లో టిక్ తీసేసుకోవచ్చు. ఆ నిర్ణయం మనం కోడ్‌లో చేయడమేంటి?

ద్వారకానగర్_డిజైనర్:
స్టికీ పెట్టా, అంటుకోవట్లేదు. మెనూ పేజీతోపాటే వెళ్లిపోతోంది.

ఎంవీపీ_థీమ్స్:
మెనూ ఉన్న పై డివ్‌లో (పేజీలో ఒక పెట్టె) ఎక్కడైనా ఓవర్‌ఫ్లో హిడెన్ (పెట్టె దాటినదాన్ని దాచే సెట్టింగ్) ఉందా? లేకపోతే మెనూ చుట్టూ దానంతే ఎత్తున్న డివ్ ఉండి ఉండాలి. అలాంటప్పుడు స్టికీ ఆ డివ్‌కి ఇవ్వాలి.

ద్వారకానగర్_డిజైనర్:
ఓవర్‌ఫ్లో ఉంది, తీసేశా. ఇప్పుడు అంటుకుంటోంది. బార్ ఉంచేస్తున్నా.

సీతమ్మధార_ఫ్రీలాన్సర్:
ఒక్క లైనుతో పోయేదానికి ఇంత పని! నా ఓటు మాత్రం ఫాల్స్‌కే.