స్కాన్ చేసేశాక పాత డ్రాయింగులు ఎందుకు?

ఎంవీపీ కుర్రాడు:
మా ఆఫీసులో పాత ప్రభుత్వ భవనాల డ్రాయింగులు రెండు బీరువాల నిండా ఉన్నాయి. అన్నీ స్కాన్ చేయించాం. ఇక కాగితాలు తీసేస్తే ఏం పోయింది అంటే సీనియర్లు కొట్టినంత పని చేశారు. మన విశాఖ ఉప్పుగాలికి అవి ఎలాగూ నిలవవు కదా?

పాత డ్రాఫ్ట్స్‌మన్:
బాబూ, ఆ బీరువా తాళాలు మీ సీనియర్ల దగ్గరే ఉండనివ్వండి. బ్లూప్రింట్ అంటే నీళ్లలో కడిగి ఆరేసిన కాగితం. ఆరాక కాస్త కుదించుకుపోతుంది. అందుకే స్కేలు పెట్టి కొలవొద్దు, రాసిన అంకెనే నమ్ము అని మాకు నేర్పారు. మీరు స్క్రీన్ మీద కొలుస్తారు, తప్పు వస్తుంది.

ఇంకోటి. ట్రేసింగ్‌ని, అంటే అసలు డ్రాయింగు గీసిన పలచటి కాగితాన్ని, కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. బ్లేడుతో గీకిన చోటు పలచగా కనిపిస్తుంది. ఓ ఆస్పత్రి వార్డు షీటులో తలుపు అలా గీకి, రెండడుగులు పక్కకి జరిపి గీశారు. పక్కన పెన్సిల్‌తో సన్నగా 'వాన జల్లు' అని రాసుంది. తలుపు ఎందుకు జరిగిందో ఆ రెండు ముక్కల్లోనే ఉంది. దాన్ని నలుపు తెలుపుల్లో స్కాన్ చేశారు, పెన్సిల్ రాత ఎగిరిపోయింది.

(ట్రేసింగ్ క్లాత్ అయితే గంజి పోయేలా ఉతికి జేబురుమాళ్లు కుట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. ఎన్ని భవనాలు అలా చాకిరేవుకి పోయాయో!)

పెదవాల్తేరు:
మాస్టారూ, దాచడం సరే, ఇక్కడ మాత్రం వద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానుకి మా ఇంటి కిటికీలే మిగల్లేదు. అహ్మదాబాద్ ఐఐఎం కట్టిన అమెరికా ఆర్కిటెక్ట్ లూయీ కాన్ 1974లో పోతే, ఆయన డ్రాయింగులు పెన్సిల్వేనియా ప్రభుత్వం కొని అక్కడి ఫిలడెల్ఫియాలోని యూనివర్సిటీలో పెట్టించింది. ఎంత భద్రంగా ఉన్నాయో చూడండి.

వన్‌టౌన్ వాసి:
భద్రమే, చూడాలంటే వీసా కావాలి! అన్ని డ్రాయింగులు ఉండి కూడా, 2020 డిసెంబర్‌లో అదే ఐఐఎం 18 డార్మిటరీల్లో 14 కూల్చేస్తామంది. జనం గోల పెట్టాకే అప్పటికి వెనక్కి తగ్గింది. ఢిల్లీలో ఆర్కిటెక్ట్ రాజ్ రేవల్ కట్టిన హాల్ ఆఫ్ నేషన్స్ ప్రదర్శనశాలనైతే 2017లో రాత్రికి రాత్రే పడగొట్టారు. కేజీహెచ్ ఆస్పత్రి పాత గోడ కారితే ఇంజినీరు ఫిలడెల్ఫియా వెళ్తాడా? బీరువా గోడకి దగ్గర్లో ఉంటేనే ఎవడైనా తెరుస్తాడు.

ఎంవీపీ కుర్రాడు:
సరే, తీసేద్దామన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ కాగితాలు నిలవాలంటే రోజంతా ఏసీ వేయాలేమో, ఆ బిల్లు ఎవరు కడతారు?

పాత డ్రాఫ్ట్స్‌మన్:
పగలంతా వేసి రాత్రి ఆపేసే ఏసీ కన్నా అసలు లేకపోవడమే నయం. తేమ ఎక్కి దిగుతుంటే కాగితం ముడుచుకుపోతుంది. గోడకి ఆనించకుండా, చుట్టకుండా, చీకట్లో పరిచిపెట్టండి. బ్లూప్రింట్లనీ, అమ్మోనియా ఆవిరితో తీసిన ప్రింట్లనీ ఒకే సొరుగులో పెట్టొద్దు. చిరిగిన చోట సెల్లోటేప్ వేయొద్దు.

ఎంవీపీ కుర్రాడు:
సెల్లోటేప్... పోయినవారమే నలభై షీట్లకి అంటించాం మాస్టారూ. పీకేయమంటారా?

పాత డ్రాఫ్ట్స్‌మన్:
ముట్టుకోకండి! తెలిసినవాళ్లు వచ్చేదాకా అలాగే ఉంచండి.